మూడింటికి వెళ్ళాల్సిన జాబితా

రెండు దాటి అయిదు నిమిషాలు. తెర మీద తొమ్మిది పేర్లున్నాయి. ఎనిమిది ఆగిపోయి ఉన్నాయి, తొమ్మిదోది ఏ పనీ చెయ్యకుండా ఊరికే కూర్చుని ఉంది, ఆ ఎనిమిదీ దాని కోసమే ఆగి ఉన్నాయి. తొమ్మిదోది నాగాయలంక కౌంటరు, అంటే కృపావతి. ముప్పై ఎనిమిది నిమిషాలుగా అక్కడ ఎవరూ ఒక్క మీట కూడా నొక్కలేదని సర్వరు చెబుతోంది. కిటికీ రెక్కల్ని తాడుతో బిగించి కట్టినా గాలికి కొట్టుకుంటూనే ఉన్నాయి. బందరులో కరెంటు పొద్దున పదింటికే తీసేశారు, కింద వరండాలో జనరేటరు దగ్గుతూ దగ్గుతూ నడుస్తోంది, ఒంటిగంట నుంచి ఇందాకటి దాకా నేను దాని దగ్గరే ఉన్నాను, చేతులకి ఇంకా డీజిలు వాసన. ఈ మేడ మీద గదిలో నేనొక్కణ్ణే. మత్స్యకార సమాఖ్య ఆఫీసులో మిగతావాళ్ళందరూ గిలకలదిండి హార్బరుకి వెళ్ళారు. తుపాను రేపటిలోగా తీరం దాటుతుందని రేడియోలో గంటగంటకీ చెబుతున్నారు. మూడు వందల ఎనభై ఆరు మర బోట్లు వేటకి వెళ్ళాయి. తిరిగొచ్చిన బోటుని ఏ రేవు వాళ్ళు ఆ రేవులోనే కంప్యూటర్లో ఎక్కిస్తారు, అవన్నీ ఫోను లైను మీద ఇక్కడికి, ఈ సర్వరులోకి వస్తాయి. మూడింటికి నేను రాని బోట్ల జాబితా తీసి పోర్టు దగ్గర వైర్‌లెస్ గదికి ఫాక్సు చెయ్యాలి. వెతకడానికి వెళ్ళే నౌక ఆ కాగితం చూసుకుని కదులుతుంది. రావలసినవి ఎన్ని, ఏ వైపువి, అంతా ఆ కాగితమే.

గిలకలదిండి నుంచి అఫ్రీన్ ఫోను చేసింది ఇందాక. ఆ అమ్మాయి గొంతు ఎప్పుడూ నెమ్మదిగా ఉంటుంది, కంగారు పడినా నెమ్మదిగానే పడుతుంది. "కొండలరావు గారూ, గంట నుంచి ఒక్కటీ ఎక్కడం లేదండి. వచ్చిన బోట్లు కిటికీలోంచి కనపడుతున్నాయి, నా తెర మీద మాత్రం రాలేదనే ఉంది. ఆడవాళ్ళంతా వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు, ఏం చెప్పమంటారు?" చూస్తున్నానమ్మా అన్నాను. ఏం చూస్తున్నానో చెప్పలేదు. నేను చూస్తున్నది ఒక పేరుని. నాగాయలంక ఆఫీసుకి ఫోను చేస్తే అసలు మోగడమే లేదు, నీళ్ళలో ముంచినట్టు ఒక గుడగుడ, అంతే. అంటే లైను తెగిపోయింది. అక్కడ తెగిన సంగతి ఇక్కడ సర్వరుకి తెలియదు. దాని లెక్కలో కృపావతి ఇంకా కుర్చీలోనే ఉంది, ఏదో ఆలోచిస్తోంది, ఇప్పుడో ఇంకాసేపటికో మీట నొక్కుతుంది, అందాకా ఇంకెవరూ రాయకుండా బోట్ల పట్టికకి పడిన తాళం ఆవిడ చేతిలోనే ఉండాలి. మనిషి లేదని దానికి ఎవరు చెప్పాలి. నేనే చెప్పాలి. ఒక్క వరస ఆదేశం కొట్టి, సర్వరులో ఆవిడ పేరున తెరిచి ఉన్న ఆ సెషన్‌ని చంపెయ్యాలి. ఆ మాటే వాడతారు ఈ పనిలో, చంపడం అని. చంపితే తాళం ఊడుతుంది, గిలకలదిండి వాళ్ళవీ బంటుమిల్లి వైపు వాళ్ళవీ అన్నీ ఒక్కసారిగా ఎక్కుతాయి. కానీ కృపావతి ఎక్కించి ఇంకా సేవ్ చెయ్యనివి ఏవైతే ఉన్నాయో అవన్నీ పోతాయి, ఎప్పుడూ ఎక్కించనట్టే. నాగాయలంక చేరిన బోట్లు చేరనట్టే అవుతాయి. నౌక దక్షిణానికి వెళ్ళి ఒడ్డున కట్టేసి ఉన్న బోట్ల కోసం సముద్రంలో వెతుకుతుంది.

తప్పు నాదే, అందులో ఎవరికీ వాటా లేదు. తొంభై ఆరులో ఈ ప్రోగ్రాము రాసినప్పుడు ఉన్నది ఒకే కౌంటరు, అందుకని ఎవరు రాయడం మొదలుపెట్టినా మొత్తం బోట్ల పట్టికకే తాళం పడేలా రాశాను. అప్పుడది తేలిక. నాకు ఈ పని నేర్పిన నాగభూషణరావు గారు చూసి ఇలా వద్దు కొండలరావూ, ఎవరు ఏ బోటు రాస్తున్నారో ఆ ఒక్క వరసకే తాళం పడాలి, రేపు కౌంటర్లు పెరిగితే ఒకడి వల్ల పదిమంది ఆగిపోతారు అన్నారు. మారుస్తానండి అన్నాను. ఏడేళ్ళయింది. మామూలు రోజుల్లో ఎవరికీ తెలిసేది కాదు, ఒకరు రాస్తుంటే ఇంకొకరు అయిదు నిమిషాలు ఆగితే లైను నెమ్మదిగా ఉందనుకునేవారు, నేనూ అదే చెప్పేవాణ్ణి. పైగా ఇంకోటి. కృపావతి మొదట్లో బోటు బోటుకీ సేవ్ చేసేది. నాగాయలంక లైను మీద ఒక్కో సేవ్‌కి అర నిమిషం పట్టేది, పని తెమలడం లేదు సార్ అంటే, అన్నీ ఎక్కించుకుని ఆఖర్న ఒక్కసారే సేవ్ చెయ్యండి, పని మూడో వంతులో అయిపోతుంది అని నేనే చెప్పాను. అయిపోయింది కూడా. ఆ శనివారం ఫోనులో ఎంత సంతోషపడిందో. మీరు చెప్పినట్టు చేస్తే నిన్న నాలుగింటి బస్సుకే ఇంటికెళ్ళానండి అంది. వేగం పెరిగింది కదా అని నేనూ మురిసిపోయాను, అంతసేపూ తాళం ఆవిడ చేతిలోనే ఉంటుందన్న మాట తెలిసి కూడా చెప్పలేదు. ఆవిడ గొంతులో ఆ సంతోషం విన్నాక చెప్పాలనిపించలేదు.

రెండూ పది. మళ్ళీ ఫోను చేశాను. మళ్ళీ గుడగుడ. నాగాయలంక బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు నంబరు ఎక్కడో రాసుకున్నాను, ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకంలో వెతికి పట్టుకుని చేస్తే మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. ఆ పుస్తకంలో మొదటి ఇరవై పేజీలూ నాగభూషణరావు గారు చెబుతుంటే రాసుకున్నవి. ఆయన హైదరాబాదులో ఒక బ్యాంకు కంప్యూటర్లు చూసి, రిటైరవ్వక ముందే ఘంటసాల వచ్చి పొలం చూసుకుంటూ, వారానికి రెండు రోజులు మా సమాఖ్యకి వచ్చి ఈ సర్వరు పెట్టించారు. గుమాస్తాగా ఉన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మొన్న ఎండల్లో పోయారు. బ్యాకప్ తీశానని సంతోషపడకు, దాన్ని వేరే మిషను మీద తిరిగి ఎక్కించి చదివితేనే అది బ్యాకప్ అనేవారు, అందుకని నెలకోసారి ఆదివారం పాత మిషను మీద ఎక్కించి బోట్ల పేర్లు చదివేవాళ్ళం, ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని వినేవారు, ఏదో పాట కచేరీ వింటున్నట్టు. ఇండెక్సులు ఎక్కువ పెట్టకు, వెతకడం తొందరవుతుంది గానీ రాసిన ప్రతిసారీ వాటన్నిటినీ సర్దాలి అనేవారు. ఏదైనా నెమ్మదించిందంటే మిషను పెద్దది కొనమని అడగబోకు, ముందు ఎవరు ఎవరి కోసం ఆగారో చూడు అనేవారు. అది చూశాను. చూసి కూర్చున్నాను. ఇంకోటి కూడా ఉంది ఆ పేజీల్లో, కింద గీత గీసి రాసుకున్నది: మనిషికి చెప్పకుండా వాళ్ళ సెషన్ చంపొద్దు. అవతల వాళ్ళు పొద్దుటి నుంచి చేసిన పని అది, నీకు ఒక వరస. ఆ మాట పట్టుకునే ఇందాకటి నుంచీ ఆగానని నాకు నేను చెప్పుకుంటున్నాను.

నిజంగా అదేనా. అఫ్రీన్ సెషన్ అయి ఉంటే ఈపాటికి చంపి ఫోను చేసి సారీ అమ్మా అనేవాణ్ణి. మూడేళ్ళుగా కృపావతి నాకు ఒక గొంతు, శనివారం నాలుగింటికి మోగే ఫోను. వారం లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి చేస్తుంది. మొదటిసారి చేసినప్పుడు, సార్, ఎంటర్ అని రాసున్న మీట ఊడిపోయింది, ఉత్త గుంటలో వేలు పెట్టి నొక్కొచ్చా అని అడిగింది, నొక్కండి అన్నాను, ఇద్దరం నవ్వాం. డిసెంబరులో దగ్గుతుంది. ఫోను పెట్టేసేటప్పుడు ఉంటానండి అంటుంది, వెళ్తానండి అనదు. శనివారం పొద్దున నేను ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నానని నాకే ఏడాదిన్నర తర్వాత తెలిసింది, ఫోనులో మాట్లాడటానికి ఇస్త్రీ చొక్కా. ఒకసారి బందరు బస్సు కండక్టరు చేతికిచ్చి ఎండు రొయ్యలు పంపింది హార్లిక్సు సీసాలో. అన్ని ఆఫీసులకీ పంపిందో నాకే పంపిందో అడగలేదు. ఆ సీసాలోనే లడ్లు పెట్టి తిరిగి పంపాను. పెళ్ళయిందో లేదో, ఎవరున్నారో, ఏదీ అడగలేదు. సిబ్బంది వివరాలన్నీ ఈ సర్వరులోనే ఉన్నాయి, నాకు అన్ని పట్టికలూ తెరుచుకుంటాయి, ఒక్క వరస కొడితే ఆవిడ వయసూ ఊరూ అన్నీ వచ్చేస్తాయి. కొట్టలేదు. నీకు అన్నీ కనపడతాయి కాబట్టే నీ పనికి సంబంధం లేనిది చూడకూడదు అని నాగభూషణరావు గారు చెప్పిన మాట మీద నిలబడ్డానని అనుకున్నాను. చూస్తే ఏం ఉంటుందో అన్న భయం కూడా ఉండి ఉంటుంది. చూడనంత కాలం శనివారాలు ఉంటాయి.

గుడివాడలో, ఒకప్పుడు నా భార్య అయిన ఉమాదేవి వాళ్ళ నాన్న కూడా ఈ చూడటం గురించే అడిగాడు, ఏం చూశావయ్యా నువ్వు, నా కూతురి మొహం ఎప్పుడైనా సరిగ్గా చూశావా అని. ఏడు నెలలు ఉంది నాతో. చెడ్డమనిషి కాదు, నేనూ తిట్టలేదు కొట్టలేదు, ఇంటికొస్తే మాట్లాడటానికి నాకేమీ దొరికేది కాదు, అంతే. మీరు ఇంట్లో ఉన్నా ఆఫీసులోనే ఉంటారండీ అంది ఒకరోజు బియ్యం ఏరుతూ, కోపంగా కూడా కాదు. విడిపోయి నాలుగేళ్ళ తర్వాత ఒకసారి గుడివాడ బస్టాండులో చూశాను, చంకలో పిల్ల, పక్కన ఇంకో పిల్లాడు, ఏలూరు బస్సు కోసం నిలబడి ఆ పిల్లాడికేదో చెబుతోంది, చాలా చెబుతోంది, చేతులు తిప్పుతూ. అంత మాట్లాడే మనిషని నాకు తెలియదు. నేను స్తంభం వెనక్కి జరిగాను. ఆ రోజు బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరితోనైనా ఒక్క అరగంట ఆగకుండా మాట్లాడాలనుకున్నాను. ఎవరితో. అమ్మ కోటమ్మ పోయాక పరాసుపేటలో ఒక్క గది పోర్షనులో ఉంటున్నాను. గోడ అవతల వాళ్ళ టీవీ నాకు కూడా వినపడుతుంది.

రెండూ పందొమ్మిది. వాన ఏటవాలుగా కొడుతోంది. ఫోను మోగింది, ఆవిడే అనుకుని ఎత్తాను, పోర్టు నుంచి నాగుల్ మీరా. ఆయన వైర్‌లెస్ గదిలో పని చేస్తాడు, నాకంటే పెద్దవాడు, ఎవరినైనా నాయనా అంటాడు. "మూడింటికి జాబితా ఇస్తావుగా నాయనా? నౌక వాళ్ళు తొందరపెడుతున్నారు. చీకటి పడితే కష్టం." ఇస్తానండి అన్నాను. "మధ్యాహ్నం ఒంటిగంటది ఉంది నా దగ్గర, అందులో తొంభై నాలుగు రాలేదని ఉంది. అదే ఇచ్చెయ్యమంటావా?" వద్దండి, ఆ తొంభై నాలుగులో చాలా వచ్చేశాయి, కొత్తది ఇస్తాను అన్నాను. చాలా అంటే ఎన్నో నాకు తెలియదు. తొంభై నాలుగు పేర్లు పట్టుకుని ఒక్క నౌక ఎక్కడని తిరుగుతుంది.

జాబితాలో పేరు ఉందా లేదా అనేది నాకు మొదటిసారి తెలిసింది డెబ్భై ఏడులో, ఉప్పెన వెళ్ళిన వారానికి. నాకు పద్దెనిమిదేళ్ళు. అవనిగడ్డలో ఒక స్కూలు వరండాలో బల్ల వేసి కూర్చోబెట్టారు, చేతిరాత బాగుంటుందని. దొరికినవాళ్ళ పేర్లు పెన్సిలుతో రాయడం నా పని. ఒకే మనిషిని ఇద్దరు ఇద్దరి పేర్లతో చెబుతారు, వీరదుర్గ అని ఒకరు దుర్గమ్మ అని ఇంకొకరు, కాగితం మీద ఒక మనిషి ఇద్దరయిపోతుంది, అసలు మనిషి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. సౌభాగ్యమ్మ అని ఒకావిడ రోజూ వచ్చేది. కొడుకు పేరు వెతకమనేది. చదువు నాయనా, మొదటి నుంచి చదువు అనేది. రోజూ మొదటి నుంచి చదివేవాణ్ణి. అయిదో రోజు, తిండి లేక, నిద్ర లేక, శవాల వాసనకి తల తిరిగిపోయి, చదవకుండానే లేదమ్మా అన్నాను. ఆవిడ నమ్మి వెళ్ళిపోయింది. ఆ పొద్దునే వేరే కుర్రాడు రాసిన కాగితంలో ఆ పేరు ఉంది, కోడూరు ఆసుపత్రిలో ప్రాణాలతో ఉన్నాడు. ఆవిడకి రెండు రోజుల తర్వాత తెలిసింది. నన్ను ఏమీ అనలేదు, అనడానికి నేనెవరో కూడా గుర్తులేదేమో ఆవిడకి. రెండు రోజులు. కొడుకు లేడనుకుని ఒక తల్లి బతికిన రెండు రోజులు, నా చేతుల్లో ఉండి నేను ఇవ్వని రెండు రోజులు. ఇరవై ఆరేళ్ళయింది.

రెండూ ముప్పై రెండు. నేను ఇక్కడ కూర్చుని ఏం ఇస్తున్నాను, ఏం ఆపుతున్నాను. అఫ్రీన్ మళ్ళీ ఫోను చేసింది. ఈసారి రిసీవరు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిప్పి పట్టుకుంది, ఆడవాళ్ళ గొంతులు. ఒక్క నిమిషం అమ్మా అన్నాను. నాగాయలంక సెషన్ నంబరు చూశాను, రెండోసారి చూశాను, మూడోసారి కాగితం మీద రాసుకుని తెర మీద ఉన్నదానితో పోల్చాను, ఇలాంటప్పుడు పక్క నంబరు కొట్టినవాళ్ళ కథలు నాగభూషణరావు గారు చాలా చెప్పారు. కొట్టాను. కృపావతి పేరు ఒక్క క్షణం అలాగే ఉండి పోయింది. అంతే, చప్పుడు లేదు, ఏమీ లేదు. వెంటనే ఆగి ఉన్న ఎనిమిదీ కదిలాయి, ఒకదాని తర్వాత ఒకటి, అఫ్రీన్ ఫోనులోనే వెళ్తున్నాయండి, వెళ్తున్నాయి అంది, వెనకాల ఎవరో ఏడుస్తూ నవ్వుతున్నారు. రాని బోట్లు తొంభై నాలుగు నుంచి ఎనభై, డెబ్భై ఒకటి, అరవై మూడు. నేను చూస్తూ కూర్చున్నాను. చెయ్యడానికి పట్టింది రెండు సెకన్లు. చెయ్యకుండా కూర్చున్నది ఇరవై ఏడు నిమిషాలు.

రెండూ నలభైకి ఫోను. బస్సు హారను, వాన చప్పుడు, వాటి మధ్యలో దగ్గు. "సార్, నేనండి, నాగాయలంక. బస్టాండు బూతు నుంచి చేస్తున్నాను. ఒంటిగంటన్నరకి ఆఫీసు లైను తెగిపోయింది, ఈ బూతు కూడా ఇప్పుడే తెరిచాడు. నేను ఎక్కించినవి ఉన్నాయాండి?"

ఈ మాట చెప్పడానికి భయపడే కదా ఇంతసేపు కూర్చున్నాను. "లేవండి కృపావతి గారూ. అందరూ ఆగిపోతే మీది నేనే తీసేశాను. మీకు చెప్పకుండా తీశాను."

తిట్టినా బాగుండేది. "సరేనండి," అంది. "చీటీలు నా దగ్గరే ఉన్నాయి. నలభై ఒకటి. చదువుతాను, మీరే రాసుకోండి." అలా మొదలుపెట్టింది. నంబరు, బోటు పేరు, యజమాని పేరు. అంకమ్మ తల్లి. శ్రీ వీరదుర్గ. సాగర కన్య. బేతెస్ద. తడిసిపోయిన చీటీల మీద సిరా పాకి ఉంటుంది, ఒక్కోచోట ఆగి వెలుతురుకి తిప్పి చూస్తున్నట్టు తెలుస్తోంది. నేను రాసి, ఒక్కోటీ సేవ్ చేసి, ఊ అన్నాను. చదివింది, ఊ అన్నాను. ఇరవై రెండు దగ్గర బూతులో ఎవరో తొందరపెట్టారు, ఆవిడ వాళ్ళతో ఏమందో వినపడలేదు, మళ్ళీ ఇరవై మూడు నుంచి అందుకుంది. ఒక్కసారి కూడా గొంతు పెరగలేదు, తగ్గలేదు. చెప్పకూడదు కానీ, ఆ ఇరవై నాలుగు నిమిషాలూ నాకు బాగుంది. బయట గాలి తాడిచెట్లని వంచేస్తోంది, జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నారు, నేను ఒక మనిషితో ఆగకుండా మాట్లాడుతున్నాను, పేర్లు తప్ప ఇంకేం లేవు ఆ మాటల్లో, అయినా బాగుంది. అందుకు నన్ను నేను క్షమించుకోలేను. నలభై ఒకటి అయ్యాక ఇవేనా అండి అని అడిగాను. "ఇవేనండి. నేను చీటీ రాసుకున్నవి ఇవే." తడి చీటీలు సర్దుతున్న చప్పుడు. "జాబితా ఇప్పుడు పంపుతున్నారా సార్?" ఇప్పుడే అన్నాను. "తొందరగా పంపండి సార్," అంది. ఈసారి ఉంటానండి అనలేదు, పెట్టేసింది.

మూడూ ఎనిమిదికి ప్రింటరు కదిలింది. ఏడు. మూడు వందల ఎనభై ఆరులో ఏడు. గిలకలదిండివి నాలుగు, బంటుమిల్లి వైపువి రెండు, నాగాయలంకది ఒకటి. ఫాక్సు కాగితం మీద కుడి వైపు ఒక గడి ఉంటుంది, కబురు ఎవరికి చెప్పాలి అని, రోజువారీ పనిలో దానితో నాకు అవసరం ఉండదు. పంపే ముందు వరస వరసా చదవాలి, చదవకుండా దేన్నీ పంపను. ఏడో వరస, బోటు పేరు యెహోవా యీరే. యజమాని కొక్కిలిగడ్డ అప్పారావు. కబురు చెప్పవలసిన వ్యక్తి కృపావతి, భార్య. ఫోను నంబరు దగ్గర మా ఆఫీసు నంబరే ఉంది, నాగాయలంకది.

నలభై ఒక్క పేర్లు చదివింది. ప్రతి పేరూ ఇంకొకరిది. కరకట్ట మీద గాలిలో నిలబడి ఒక్కో బోటు వస్తుంటే నంబరు రాసుకుని, తనది కాదని చూసుకుని, మళ్ళీ ఇంకో బోటు. లైను తెగాక బూతు తెరిచేదాకా ఎక్కడ నిలబడి ఉంటుంది. నేను ఈ గదిలో కూర్చుని ఆవిడ పేరుని చూస్తూ, ఆవిడ మనసు నొప్పిస్తానేమోనని, శనివారం ఫోను పోతుందేమోనని, ఇరవై ఏడు నిమిషాలు. నౌక వెతకాల్సింది ఆవిడ మనిషి కోసమే, ఆ నౌకని ఆపి పెట్టింది నేనే. ఫాక్సులో కాగితం పెట్టాను. వంకరగా వెళ్ళింది, తీసి మళ్ళీ పెట్టాను. తర్వాత నాగుల్ మీరాకి ఫోను చేసి ఏడు నంబర్లూ చదివి వినిపించాను, ఆయన తిరిగి చదివాడు. ఆఖరిది దక్షిణం వైపుదండి, నాగాయలంక దిగువన, సొర్లగొంది అవతల అన్నాను. "తెలిసినవాళ్ళా నాయనా?" అని అడిగాడు. మా ఆఫీసులో పనిచేసే ఆవిడ భర్తండి అన్నాను. నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి. నౌక మూడున్నరకి కదిలిందని ఆయనే చెప్పాడు తర్వాత.

ఆ రెండు గంటలూ ఏం చేశానంటే పని చేశాను. ఊరికే కూర్చోలేక బోట్ల పట్టిక బ్యాకప్ తీశాను, పాత మిషను మీద ఎక్కించాను, పేర్లు పైకి చదివాను, వినేవాళ్ళు లేకపోయినా. ప్రోగ్రాము తెరిచి మొత్తం పట్టికకి తాళం వేసే వరస ఎక్కడుందో చూసి, ఒక్క బోటుకే పడేలా మార్చి, నడుస్తున్న సర్వరు మీద ఇవాళ పెట్టకూడదు కాబట్టి పక్కన దాచాను. నాలుగు వరసలు. ఏడేళ్ళు బద్ధకించింది నాలుగు వరసల కోసం. చీకటి పడుతుండగా, అయిదూ నలభై అయింటుంది, నాగుల్ మీరా ఫోను చేశాడు. మూడు దొరికాయి, రెండు గిలకలదిండివి, ఒకటి దక్షిణం వైపుది, ఇంజను పాడై కొట్టుకుపోతుంటే తాడు వేసి లాక్కొస్తున్నారు, మనుషులు అయిదుగురూ ఉన్నారు. నంబరు చెప్పమన్నాను. చెప్పాడు. కాగితం మీద వేలు పెట్టి చూసుకున్నాను, ఏడో వరస.

బూతుకి చేశాను. బూతు అతను కృపావతి గారా, ఇక్కడే బల్ల మీద కూర్చున్నారు, ఇందాకటి నుంచీ అన్నాడు. ఆవిడ వచ్చి ఫోను తీసుకుంది. బోటు నంబరు చెప్పాను. దొరికిందండి, అందరూ ఉన్నారు, అప్పారావు గారు ఉన్నారు అన్నాను. "మళ్ళీ చెప్పండి సార్," అంది. నంబరు మళ్ళీ చెప్పాను, అంకె అంకె విడదీసి. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. అప్పుడు ఆవిడ ఏడ్చింది, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, దాచుకోకుండా, నేను వింటున్నానన్న ఆలోచన కూడా లేకుండా. ఇరవై ఏడు నిమిషాల సంగతి చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెబితే నా బరువు దిగుతుంది, ఆవిడకి ఏమొస్తుంది. ఇంటికెళ్ళండి, ఒడ్డుకి చేరేసరికి ఇంకా టైము పడుతుంది అన్నాను. వెళ్తానండి అంది.

గది తాళం వేసి కిందికి దిగాను. జనరేటరు ఆపాను. ఒక్కసారిగా గాలి ఎంత పెద్దదో వినపడింది. గిలకలదిండివి రెండూ, బంటుమిల్లి వైపువి రెండూ ఇంకా రాలేదు, రేపు పొద్దున ఇంకో జాబితా తియ్యాలి. కోనేరు సెంటరు దాకా గొడుగు తిరగబడిపోతుంటే తడుస్తూనే నడిచాను. కాకా హోటలు ఒక్కటే సగం తలుపు తెరిచి ఉంది, లోపల పెట్రోమాక్సు లైటు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఈ కబురు ఎవరికైనా చెప్పాలని ఉంది. పరాసుపేటలో ఎవరికి చెబుతాను, గోడకా. హోటలాయన టీ గ్లాసు నా ముందు పెట్టి, పొయ్యి వైపు తిరిగాడు. ఆయన పేరు కూడా నాకు తెలియదు, పదేళ్ళుగా ఇక్కడే తాగుతున్నాను. ఒక బోటు దొరికిందండి, నాగాయలంక వాళ్ళది అన్నాను ఆయన వీపుతో. ఆయన వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. చూడగానే ఏమనుకున్నాడో, గరిటె పక్కన పెట్టి వచ్చి ఎదురు బల్ల మీద కూర్చున్నాడు.

"మీ వాళ్ళదా అండి?"

టీ వేడిగా ఉంది. రెండు చేతులతో పట్టుకున్నాను.

"అవునండి," అన్నాను.